రిటైరయ్యాక పెరిగిన సంసారం

లైబ్రరీలో పట్టుమని పది రోజులు కూర్చోలేక పారిపోబోయిన ఒక లెక్కల మాస్టారి యథార్థ గాథ

1924 జనవరి. మద్రాసు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కొత్త అధికారి ఒంటరిగా కూర్చుని ఉన్నారు. వయసు 31. చుట్టూ బీరువాలు, బీరువాల నిండా పుస్తకాలు. మనుషుల జాడ మాత్రం పలచన. నిన్న మొన్నటిదాకా ప్రెసిడెన్సీ కాలేజీలో గదినిండా కుర్రాళ్లను కూర్చోబెట్టి లెక్కలు చెప్పిన మనిషి ఆయన. ఒక్కో విద్యార్థినీ లేపి ప్రశ్న వేయాలి, వాడు తడబడాలి, దారి చూపించాలి, వాడి ముఖం వెలగాలి. అదీ ఆయనకు అలవాటైన రోజు. ఇక్కడ అడిగేవాడు లేడు, చెప్పించుకునేవాడు లేడు. పొద్దు గడవదు.

ఇక ఉండబట్టలేదు. లేచి తిన్నగా పాత కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్ ముందు నిలబడ్డారు. జీతం ఎక్కువైతే అయింది గానీ ఆ ఏకాంతం తన వల్ల కాదని, తన క్లాసు తనకు తిరిగి ఇప్పించమని మొరపెట్టుకున్నారు.

ప్రిన్సిపాల్ కాదనలేదు, అవుననలేదు. ఎలాగూ శిక్షణ కోసం విశ్వవిద్యాలయం ఇంగ్లండుకు పంపుతోంది కదా, ముందు వెళ్లి రమ్మన్నారు. వచ్చాక కూడా మనసు మారకపోతే పాత ఉద్యోగం ఎక్కడికీ పోదని భరోసా ఇచ్చారు.

ఆ భరోసాతో ఓడెక్కిన మనిషి మళ్లీ ఎన్నడూ ఆ కాలేజీ గడప తొక్కి ఉద్యోగం అడగలేదు. ఆయనే షియాలీ రామామృత రంగనాథన్. భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడని ఇవాళ మనం చెప్పుకునే ఎస్.ఆర్.రంగనాథన్. ఆగస్టు 12న ఆయన పుట్టినరోజునే దేశమంతా జాతీయ గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకుంటోంది. లైబ్రరీ నుంచి పారిపోవాలనుకున్న ఈ మనిషి, తర్వాత రిటైరైనా లైబ్రరీని వదల్లేకపోయారు. ఆయన జీవితంలోని అసలు కథ ఆ రిటైర్మెంట్ తర్వాతదే.

విజ్ఞాన సర్వస్వం తిరగేసి ఇంటర్వ్యూకి

1892లో తంజావూరు జిల్లా షియాలీలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరిని శీర్కాళి అంటున్నారు. తండ్రి రామామృత అయ్యర్‌ది చిన్నపాటి భూవసతి. ఊళ్లో రామాయణం చదివి అర్థం చెప్పేవారు. ఆయన ముప్పై ఏళ్లకే కన్నుమూశారు. అప్పటికి రంగనాథన్‌కు ఆరేళ్లు. బడిపంతులైన తాతగారి నీడన పెరిగారు. ఆనాటి ఆచారం ప్రకారం పదిహేనేళ్లకే రుక్మిణితో పెళ్లయింది. పెళ్లికూతురికి పదకొండేళ్లు.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గణితం ఎమ్మే చేశారు. మాట నత్తిగా వచ్చేది. సాధన చేసి దాన్ని అదుపులో పెట్టుకుని మరీ పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి వెళ్లారు. మంగళూరు, కోయంబత్తూరు, ఆపైన మద్రాసు. పంతులు జీతం బొటాబొటి.

ఆ సమయంలో మద్రాసు విశ్వవిద్యాలయం మొదటిసారిగా లైబ్రేరియన్ పదవికి ప్రకటన ఇచ్చింది. దాదాపు 900 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో లైబ్రరీ పనిలో శిక్షణ పొందిన వాడు ఒక్కడూ లేడు. రంగనాథన్ కూడా అందుకు మినహాయింపు కాదు. ఇంటర్వ్యూకి కాస్త ముందు బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో గ్రంథాలయాల మీద ఉన్న వ్యాసం చదువుకుని లోపలికి వెళ్లారు. ఆయనకు తెలిసిన లైబ్రరీ శాస్త్రమంతా అంతే. అయినా పదవి ఆయన్నే వరించింది.

ఇక్కడ మన వైపు సంగతి ఒకటి గుర్తుచేసుకోవాలి. ఆయన ఇలా బిక్కమొహం వేసుకుని కూర్చున్న నాటికి, అదే మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో గ్రంథాలయోద్యమానికి పదేళ్లు నిండాయి. 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు పూనుకుని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. మన పల్లెల్లో జనం చందాలు వేసుకుని పఠన మందిరాలు నడుపుతున్నారు. ఉద్యమం ఇక్కడ పుట్టింది, శాస్త్రం అక్కడ పుట్టబోతోంది.

లండన్‌లో బొమ్మల కొట్టు

లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో చేరారు. క్రాయిడన్ గ్రంథాలయాధికారి బెర్విక్ సేయర్స్ ఆయనకు గురువు. తరగతి గదిలో విన్నది చాలదని ఒక్కో లైబ్రరీకి వెళ్లి పని నేర్చుకోమన్నారాయన. రంగనాథన్ వందకు పైగా లైబ్రరీలు తిరిగారు. అక్కడ కూలీలు, ఇల్లాళ్లు, పిల్లలు తాము కట్టే పన్నుతో నడిచే లైబ్రరీల్లోకి దర్జాగా వచ్చి పుస్తకాలు పట్టుకెళ్తున్నారు. ఏకాంతం అన్న మాటే అక్కడ పొసగదు. మద్రాసులో తాను చూసిన ఖాళీకి కారణం పుస్తకాలు కాదని, పుస్తకాలకూ మనిషికీ మధ్య వేసిన తాళమని ఆయనకు అర్థమైంది.

రెండో పాఠం బొమ్మల కొట్టులో దొరికింది. సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో ఒక అమ్మకందారు మెకానో సెట్టు చూపిస్తున్నాడు. అవే రేకు బద్దలు, అవే చక్రాలు, అవే నట్లు, బోల్టులు. ఒకలా బిగిస్తే క్రేను, ఇంకోలా బిగిస్తే బండి. లెక్కల మాస్టారి బుర్రలో మెరుపు మెరిసింది.

పుస్తకాల వర్గీకరణకు అప్పటికి చాలాచోట్ల వాడుతున్న డ్యూయీ పద్ధతిలో విషయాలకు ముందే గళ్లు గీసి నంబర్లు వేసి ఉంచుతారు. కొత్త విషయం పుడితే ఏదో ఒక గడిలో ఇరికించాల్సిందే. మన తత్వశాస్త్రం, మన సాహిత్యం లాంటివి ఆ గళ్లలో మూలకు పోయేవి. అలా కాకుండా విషయాన్ని ముక్కలుగా విప్పి, ఆ ముక్కల్ని కావలసినట్టు బిగించుకునే వీలుంటే? ఉదాహరణకు మన దేశంలో ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రే చికిత్స మీద ఒక పుస్తకం వచ్చిందనుకోండి. రంగనాథన్ పద్ధతిలో వైద్యానికి ‘ఎల్’ అక్షరం, ఊపిరితిత్తులకు 45, క్షయకు 421, చికిత్సకు 6, ఎక్స్‌రేకు 253, భారతదేశానికి 44. వీటిని విరామ చిహ్నాలతో అతికిస్తే ఆ పుస్తకం చిరునామా తయారు. అతికించడానికి మొదట వాడింది కోలన్ గుర్తు, అంటే రెండు చుక్కలు. అందుకే దానికి కోలన్ వర్గీకరణ అని పేరు. 1925లో తిరుగు ప్రయాణపు ఓడలోనే ఆ పని మొదలుపెట్టారు. పుస్తకంగా వచ్చింది 1933లో.

రాస్ మాస్టారు వచ్చిన సాయంత్రం

మద్రాసు తిరిగొచ్చాక ఆయన చేసిన మొదటి పని తాళాలు తీయించడం. చీటీ రాసిచ్చి బల్ల దగ్గర పడిగాపులు పడే పద్ధతి పోయి, పాఠకుడే అరల మధ్యకు వెళ్లి చూసుకునే పద్ధతి వచ్చింది. పనివేళలు పెరిగాయి. జనం రావడం మొదలైంది. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం పెట్టారు. మరుసటి ఏడాది నుంచి లైబ్రేరియన్లకు శిక్షణ ప్రారంభించారు.

అయినా ఒక చిక్కు ఆయన్ను వేధిస్తోంది. లైబ్రరీలో చేయాల్సిన పనులు వందలు. ఒక్కోదానికి ఒక్కో నియమం. గణితంలోలా వీటన్నిటికీ వేరులాంటి సూత్రాలు ఉండవా? 1928లో ఒక సాయంత్రం ఇదే ఆలోచనతో బల్ల ముందు తల పట్టుకుని ఉండగా ఎడ్వర్డ్ రాస్ లోపలికి వచ్చారు. క్రిస్టియన్ కాలేజీలో ఆయనకు లెక్కలు నేర్పిన గురువు. ఇంటికెళ్తూ శిష్యుణ్ని పలకరించి పోదామని ఆగారు. ముఖం చూడగానే ఏదో మథనపడుతున్నాడని పసిగట్టారు. రంగనాథన్ చెప్పుకొచ్చారు. రాస్ విన్నారు. పుస్తకాలున్నది వాడుకోవడానికేననే గదా నీ బాధంతా, అదే నీ మొదటి సూత్రం అని తేల్చేసి, ఆయన దారిన ఆయన వెళ్లిపోయారు.

ముడి విడిపోయింది. మొదటిది దొరికాక మిగిలినవి వరసగా వచ్చేశాయి. ఏ పాఠకుణ్నీ ఖాళీ చేతులతో పంపకూడదు. ఏ పుస్తకాన్నీ చదివే దిక్కు లేకుండా వదిలేయకూడదు. వచ్చినవాడి పొద్దు పాడుచేయకూడదు. లైబ్రరీ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి దానికి తగ్గట్టు చోటూ పద్ధతీ ముందే చూసుకోవాలి. ఈ అయిదింటినీ వివరించిన పుస్తకం 1931లో వెలువడింది. లైబ్రరీ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతాడు.

అదే 1928లో ఇంట్లో పిడుగు పడింది. రుక్మిణి ఒక ప్రమాదంలో చనిపోయారు. ఇరవై ఏళ్ల కాపురంలో పిల్లలు లేరు. మరుసటి ఏడాది శారదను పెళ్లాడారు. పెళ్లి తంతు ముగిసిన మధ్యాహ్నమే ఆయన తిరిగి లైబ్రరీకి వెళ్లారని చెప్పుకుంటారు. వారంలో ఏడు రోజులూ, రోజుకు పదమూడు గంటలూ పనిచేసేవారని, ఇరవై ఏళ్లలో సెలవంటూ పెట్టలేదని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లంతా చెప్పే మాట. ఇలాంటి మనిషితో కాపురం ఎలా సాగిందో శారదమ్మ చెబితే వినాలి. ఆమె మాటలు మన దాకా రాలేదు, ఆమె పేరు మాత్రం రెండు సంస్థల మీద నిలిచిపోయింది. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు యోగేశ్వర్ 1932లో పుట్టాడు. తర్వాత తండ్రి జీవితచరిత్ర ఒకటి అతనూ రాశాడు.

రిటైర్మెంట్... కాశీలో

ఇరవై ఏళ్ల పైచిలుకు కొలువు తర్వాత, ఇంకా యాభై మూడు నిండకుండానే రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి తప్పుకున్నారు. ఇక ఇంటిపట్టున కూర్చుని పరిశోధన చేసుకోవాలన్నది ఆయన సంకల్పం. భార్య, పదమూడేళ్ల కొడుకు, రాసుకోవాల్సిన పుస్తకాలు. మధ్యతరగతి మనిషికి అంతకంటే ఏం కావాలి?

కాశీ నుంచి కబురొచ్చింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి అప్పుడు ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. అంతకుముందు వాల్తేరులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపినవారే. ఆయన పిలిస్తే కాదనగలరా? 1945లో రంగనాథన్ మూటాముల్లె సర్దుకుని ఉత్తరాదికి వెళ్లారు.

అక్కడ ఎదురైంది లక్ష పుస్తకాల కొండ. ఏ విషయం ఎక్కడుందో చెప్పే పద్ధతి లేదు. తగిన సిబ్బందీ లేదు. రంగనాథన్ తానే కూర్చున్నారు. పని బయటికి చూస్తే చాలా చిన్నది. పుస్తకం చేతికి తీసుకోవాలి. శీర్షిక పుట, విషయసూచిక, ముందుమాట చూడాలి. ఇది దేని గురించి అని నిర్ణయించాలి. ఆ విషయాన్ని ముక్కలుగా విడగొట్టి నంబరు కట్టాలి. కార్డు రాయాలి. పక్కన పెట్టి రెండోది తీసుకోవాలి. శీర్షిక ఒకటి చెబుతుంది, లోపల సరుకు ఇంకొకటి ఉంటుంది. నంబరు తప్పు పడితే ఆ పుస్తకం అరలో ఉండీ లేనట్టే, వెతికేవాడికి జన్మలో దొరకదు. లక్ష పుస్తకాలను రెండేళ్లలో పూర్తిచేయాలంటే ఒక్క రోజు కూడా మానకుండా రోజుకు 130కి పైగా చూడాలి. యాభై ఏళ్లు దాటిన మనిషి, జీవితంలో ఒకసారి ఉద్యోగ విరమణ చేసిన మనిషి, ఆ పనిని దాదాపు ఒంటిచేత్తో చేశారు. అది చాలదన్నట్టు లైబ్రరీ శాస్త్రంలో డిప్లొమా పాఠాలు కూడా చెప్పారు.

1947లో సర్ మారిస్ గ్వయర్ పిలుపు మీద ఢిల్లీ విశ్వవిద్యాలయానికి మారారు. లైబ్రేరియన్ పనిని పట్టభద్రుల పై చదువుగా, పరిశోధనగా అక్కడే నిలబెట్టారు. కుర్రాళ్ల మధ్య ఉండాలన్న 1924 నాటి కోరిక ఇలా తీరింది. పి.ఎన్.కౌలా, ఎ.నీలమేఘన్, ఎస్.పార్థసారథి వంటి శిష్యులు కాలక్రమంలో ఆయన చుట్టూ చేరారు. వాళ్లు పెద్దవాళ్లయి దేశంలో పెద్ద పెద్ద గ్రంథాలయాలను, శిక్షణ కేంద్రాలను నడిపారు. వాళ్ల దగ్గర మళ్లీ శిష్యులు తయారయ్యారు. ఒక్క కొడుకున్న ఇంటి సంసారం రిటైరయ్యాక ఇలా ఊళ్లు దాటి పెరిగింది.

మన జిల్లాలకు చేరిన చట్టం

సంసారం పెరిగితే దానికి తిండి ఎక్కడి నుంచి? దాతల దయ మీద నడిచే లైబ్రరీ దాత పోగానే మూతపడుతుందని రంగనాథన్‌కు తెలుసు. ఇంగ్లండులో చూసిన పన్ను పద్ధతి ఆయన మనసులో నాటుకుపోయింది. 1930లోనే కాశీలో జరిగిన అఖిలాసియా విద్యా మహాసభలో ఒక నమూనా గ్రంథాలయ చట్టాన్ని ముందుంచారు. బ్రిటిష్ హయాంలో అది చట్టంగా నెగ్గలేదు. పద్దెనిమిదేళ్లు పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియార్ చొరవతో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఒక రాష్ట్రం చేసిన తొలి గ్రంథాలయ చట్టం ఇదే. ఆస్తి పన్ను మీద చిన్న గ్రంథాలయ పన్ను వేసి, ఆ సొమ్ముతో ఊరూరా పుస్తకాలు పెట్టాలన్నది దాని సారం. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి ఆ చట్టం మన గడపలోకీ వచ్చింది. తెలంగాణలో 1955లో హైదరాబాదు గ్రంథాలయాల చట్టం చేశారు. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం తెచ్చారు. ఇవాళ మన జిల్లా గ్రంథాలయ సంస్థలు నిలబడి ఉన్నది ఆ పునాది మీదే.

శారదమ్మ పేరిట లక్ష

ఢిల్లీ నుంచి జ్యూరిచ్ వెళ్లి అక్కడ రెండేళ్లున్నారు. తిరిగొచ్చాక ఉజ్జయినిలోని విక్రమ్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం పాఠాలు చెప్పారు. 1957లో పద్మశ్రీ వచ్చింది.

దాదాపు ఆ రోజుల్లోనే ఆయన తన జీవితకాలపు పొదుపంతా లెక్కచూసుకున్నారు. లక్ష రూపాయలు. జీతాల్లో మిగిల్చినది, పుస్తకాల మీద వచ్చినది. 1950లలో లక్ష అంటే మాటలు కాదు. ఇల్లూ వాకిలీ అమర్చుకుని, మిగిలిన జీవితం కాలుమీద కాలేసుకుని గడపదగిన సొమ్ము. కొడుకు పాతికేళ్లవాడు. పెద్ద వయసులో వచ్చే రోగం, రొష్టు ఉండనే ఉన్నాయి. మన ఇళ్లలో ఇలాంటి సమయంలో భార్యాభర్తల మధ్య ఏ మాటలు నడుస్తాయో అందరికీ తెలిసిందే.

ఆ లక్షనూ మద్రాసు విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. తాను మొదట పారిపోవాలనుకున్న చోటే లైబ్రరీ శాస్త్రానికి ఒక ఆచార్య పీఠం పెట్టమన్నారు. దానికి శారదా రంగనాథన్ పేరు పెట్టారు. పదమూడు గంటల పనిదినాలను ఏళ్ల తరబడి భరించిన ఇల్లాలికి ఆ భర్త ఇచ్చిన కానుక నగ కాదు, ఒక ప్రొఫెసర్ కుర్చీ. అంతటితో ఆగకుండా 1961లో బెంగళూరులో శారదా రంగనాథన్ ధర్మనిధి నెలకొల్పారు.

ఎనభై దాకా

1962లో బెంగళూరులో భారత గణాంక సంస్థ నీడన డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం మొదలైంది. దాని వెనుక ప్రాణం రంగనాథన్. వయసు డెబ్బై. హోదా గౌరవ ఆచార్యులు. శిష్యులతో వాదిస్తూ, తన కోలన్ వర్గీకరణనే తాను తప్పుపడుతూ, ఏ ముద్రణకు ఆ ముద్రణ మార్చుతూ పోయారు. 1965లో భారత ప్రభుత్వం జాతీయ పరిశోధక ఆచార్యుడి హోదా ఇచ్చింది. తొలి ప్రేమ అయిన లెక్కల్నీ మరవలేదు. 1967లో శ్రీనివాస రామానుజన్ మీద పుస్తకం రాశారు. మొత్తం మీద 60 దాకా పుస్తకాలు ఆయన పేర ఉన్నాయి. 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో కన్నుమూశారు. ఎనభై ఏళ్ల జీవితంలో మద్రాసు ఉద్యోగం ఇరవై ఏళ్లు, రిటైర్మెంట్ తర్వాతి పని ఇరవై ఏడేళ్లు.

అదే ఏడాది అయ్యంకి వెంకటరమణయ్య గారికి పద్మశ్రీ ఇచ్చారు. ఉద్యమం నడిపిన మన పెద్దాయనకూ, శాస్త్రం కట్టిన ఆ పెద్దాయనకూ మనం బాకీపడ్డది ఒకటే. ఇంటి పన్ను కట్టినప్పుడు రసీదులో గ్రంథాలయ పన్ను అన్న పద్దు ఉంటుంది, ఒకసారి చూడండి. ఆ డబ్బు వసూలు చేసిన స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెడుతున్నాయన్న ఫిర్యాదు చాలాచోట్ల వినిపిస్తూనే ఉంది. మీ ఊళ్లో ఆ డబ్బు ఏమైందో అడగండి. మీ పేటలోని శాఖా గ్రంథాలయం ఏ వేళల్లో తెరుస్తున్నారో కనుక్కోండి. డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుని, ఈ వారమే ఒక పుస్తకం ఇంటికి తెచ్చుకోండి.